కరవుసీమలో ప్రాణికోటి

పామిడి వద్ద పెన్నానది వంతెనను దాటువారికి సంవత్సరములో హెచ్చు దినములు కనబడునది నీరు కాదు, ఇసుక. నంది కొండలలో పుట్టి, హిందూపురము ప్రాంతమున మన రాష్ట్రములో ప్రవేశించి, దాదాపు 600 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరు ఈ నది, పామిడికి ఎగువన పెనకచెర్ల ఆనకట్ట వద్ద ఆగిపోయిన తరువాత, దిగువకు నీరుగా వచ్చుట అరుదు. అయినను ఇసుకలో మూరెడో బారెడో లోతు చెలమ తీసినచో నీరూరుట కలదు. కనుచూపుమేర ఎండి కనబడు నేల లోపల తడి దాగియుండుట, ఆ తడిని ఎరిగినవారికే అది దక్కుట, ఈ సీమ స్వభావము. ఇక్కడి చెట్టు, పురుగు, పిట్ట, మృగము ఈ స్వభావమును మనుష్యునికంటె చాల ముందుగ గ్రహించినవి. అవి ఎట్లు గ్రహించినవో, ఆ గ్రహింపునకు ఎట్టి వెల చెల్లించుచున్నవో ఈ ప్రసంగములో విచారింతము.

మొదట ఒక సందేహము తీర్చుకొనవలెను. అనంతపురము జిల్లా ఎడారియా? శాస్త్రజ్ఞుల లెక్కలో కాదు. అది అర్ధశుష్క ప్రదేశము. జిల్లాలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమున వర్షము కురియును. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటి వచ్చుసరికి తమ నీటిలో చాల భాగము ఆ కొండలపైననే కురిసివచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమును తడిపి, ఇంత లోపలికి వచ్చుసరికి నీరసించును. రెండు మేఘమాలల నడుమ ఈ పీఠభూమి వర్షచ్ఛాయలో చిక్కుకొన్నది. ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. ఇక్కడి ఎండ, గాలి కలసి ఏడాదిలో ఆవిరి చేయగల నీరు, కురియు నీటికి మూడింతలకు పైబడియుండును. రాబడి ఒక పాలు, ఖర్చు మూడు పాళ్ళు అయిన సంసారమును నడపుట ఎట్లో ఇక్కడి ప్రాణులు నేర్వవలసియున్నది. ఆ రాబడియైనను వేళకు రాదు. ఒక వానకు, మరొక వానకు నడుమ నెల దినములు గడచిపోవుట కలదు.

ఎడారి కాకున్నను, ఎడారి ఛాయలు లేకపోలేదు. జిల్లాకు పడమట బొమ్మనహాళ్, కణేకల్లు మండలములలో వేదవతి నది యొడ్డున ఇసుక దిబ్బలు కలవు. ఈ నదినే హగరి యందురు. ఎండిన నదీగర్భమునుండి నైరృతి గాలులు ఇసుకను లేపి పొలములపైకి తోలుచుండును. చెట్లను వరుసలుగా పెంచి ఆ గాలిని అడ్డుకొనుటకు అక్కడ ప్రయత్నములు జరిగినవి. కావున ఎడారి యనునది ఎక్కడో రాజస్థానములోనో, అరేబియాలోనో ఉన్న వింత ప్రదేశమని మనము భావింపనక్కరలేదు. నేల తన పచ్చని కప్పును పోగొట్టుకొన్న చోట అది మన గడపలోనికే రాగలదు.

ఇక మొక్కల సంగతి. మొక్కకు గల చిక్కు చాల చిత్రమైనది. అది అన్నము వండుకొనవలెనన్న గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావలెను. ఆ వాయువు లోపలికి వచ్చుటకు ఆకుపైనుండు సన్నని రంధ్రములు తెరచుకొనవలెను. కాని రంధ్రము తెరచిన మరుక్షణమే ఆకులోని నీరు ఆవిరియై వెలికిపోవును. తలుపు తెరచినచో దాహము, మూసినచో ఆకలి. కోనసీమ కొబ్బరిచెట్టు ఈ చిక్కును పట్టించుకొనదు, దాని కాళ్ళక్రింద నీరున్నది గనుక. పామిడి మిట్టచేలలోని చెట్టునకు మాత్రము ప్రతి మధ్యాహ్నమును ఇదే ప్రాణసంకటము.

ఈ సంకటమునకు మొక్కలు కనుగొనిన ఉపాయములలో మొదటిది ఖర్చు తగ్గించుకొనుట. నల్లతుమ్మ ఆకును చూడుడు. ఒక పెద్ద ఆకు పరచుటకు మారుగా అది చిన్నచిన్న ఈనెలమీద చిట్టి రేకులను పేర్చుకొనినది. చిన్న రేకు గాలికి త్వరగా చల్లబడును; చల్లగానుండు ఆకు నీటిని తక్కువగా పోగొట్టుకొనును. జిల్లేడు మరొక మార్గము త్రొక్కినది. దాని ఆకు వెడల్పైనదే; కాని దానిపై మైనపు పొర, తెల్లని నూగు కలవు. నూగు ఎండను తిప్పికొట్టును, ఆకునంటియున్న గాలిని కదలనీయదు. కదలని గాలి తేమతో నిండియుండుటచే లోపలి నీరు త్వరపడి బయటికి రాదు. ఆకు త్రుంచిన కారు పాలు చేదు విషము. అందుచే మేకలు సైతము దానిని విడిచిపోవును. కరవునేలలో ఒక ఆకును మరల మొలిపించుకొనుట బహు ఖర్చుతో కూడిన పని. కాబట్టి ఇక్కడి మొక్కలకు ముల్లు, పాలు, చేదు అను కాపలాదారులు హెచ్చు. పచ్చగానున్న ప్రతిదానికిని ఇక్కడ ఆకలిగొన్న నోళ్ళు కాచుకొనియుండును గదా.

రెండవ ఉపాయము దాచుకొనుట. నాగజెముడు, బ్రహ్మజెముడు, కలబంద, గుట్టలమీద పొదల నీడను పెరుగు కుందేటి కొమ్ములు ఈ తెగకు చెందినవి. నాగజెముడులో మనము ఆకులని పొరబడు పచ్చని అట్టలు నిజమునకు కాండములే. ఆకులు ముండ్లుగా మారిపోగా, ఆకుల పనిని కాండమే చేయుచున్నది. కలబంద మట్టను కోసినచో కనబడు జిగురు నీటిని పట్టియుంచు పదార్థము. దండిగా వాన కురిసిన నాలుగు దినములలో ఈ మొక్కలు త్రాగి ఉబ్బి, తరువాత నెలల తరబడి ఆ నిలువపై బ్రదుకును.

వీనిలో ఇంకను గొప్ప విశేష మొకటి కలదు. ఇవి తలుపులు తెరచునది రాత్రివేళ. చల్లని రాత్రియందు రంధ్రములు తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొని, దానిని ఒక పులుసు పదార్థముగా మార్చి, కణములలో దాచియుంచును. దీనికి మాలిక్ ఆమ్లమని పేరు. ప్రొద్దు పొడిచిన పిమ్మట తలుపులు బిగించుకొని, దాచిన పులుసునుండి ఆ వాయువును విడదీసి, సూర్యకాంతితో అన్నము వండుకొనును. పగలు పొయ్యి వెలిగించుటకు కావలసిన సరుకులను రాత్రియే తెచ్చి పెట్టుకొను ఇల్లాలి పద్ధతి ఇది.

ఈ రహస్యమునకు దారి చూపినవారిలో ఒకడు మన తెలుగుసీమతో సంబంధము కలవాడగుట మనకు ముచ్చట గొలుపు విషయము. బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 18వ శతాబ్ది చివర, రాక్స్‌బరో కలకత్తా వెళ్ళిన పిదప, సామర్లకోటలోని కంపెనీవారి తోటను చూచుకొనెను. ఆయన రణపాల ఆకును వేర్వేరు వేళల నమలి చూచి, ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు రుచి లేకయు, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉన్నదని గమనించి, లండనులోని లిన్నేయన్ సంఘమునకు వ్రాసి పంపెను. అది 1815లో అచ్చయ్యెను. ఏ యంత్రము లేకుండ నాలుకతో చేసిన ఆ పరీక్షకు పూర్తి అర్థము తెలియుటకు 20వ శతాబ్ది నడిభాగము రావలసివచ్చెను. రణపాల మన పెరళ్ళలో సులభముగ దొరకునదే. ఆకు కొసను వేకువను ఒకమారు, మధ్యాహ్నము ఒకమారు రుచి చూచినచో ఈ భేదము ఎవరికైనను తెలియగలదు.

ఈ పద్ధతివలన కలుగు లాభమును లెక్కలో చెప్పవచ్చును. సాధారణమైన మొక్క ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును సంపాదించుటకు సుమారు 400 నుండి 500 గ్రాముల నీటిని పోగొట్టుకొనును. జొన్న, సజ్జ, కొర్ర వంటివి ఆ వాయువును ముందుగా కూడబెట్టి వాడుకొను నేర్పు గలవి గనుక 250 నుండి 300 గ్రాములతో సరిపెట్టుకొనును. నాగజెముడు తెగవానికి 50 నుండి 100 గ్రాములు చాలును. అట్లయినచో అన్ని మొక్కలును ఇట్లే ఏల చేయవు? దీనికి వెల యున్నది గనుక. రాత్రి దాచుకొనిన పులుసు ఎంతయో, పగటి వంట అంతే. ఆ తెగ మొక్కలు సాధారణముగా నెమ్మదిగా పెరుగును. వానలు దండిగ కురియు సీమలో ఇతర మొక్కలు వానిని నీడలో ముంచివేయును. పొదుపరికి కరవులోనే గెలుపు.

మూడవ ఉపాయము లోతునకు పోవుట. రేగుచెట్టును చూడుడు. చుట్టుప్రక్కల గడ్డి యంతయు మాడిపోయిన తరువాతను దాని ఆకు చాల దినములు పచ్చగ నిలుచును. దాని వేరు గడ్డివేళ్ళు చేరని పొరలకు దిగి, వాననీరు ఇంకి నిలిచిన తావును పట్టుకొనును. ఈ కళలో ఆరితేరినది సర్కారు తుమ్మ జాతి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున టూసన్ నగర సమీపాన గని త్రవ్వుచుండగా, ఆ జాతి చెట్టు వేరొకటి 53 మీటర్ల లోతున కనబడినట్లు 1963లో ప్రకటింపబడినది. తాటిచెట్టు రెండింతల యెత్తున్న లోతది.

నాలుగవ ఉపాయము తప్పించుకొనుట. పల్లేరు వంటి మొక్కలు కరవును ఎదిరింపవు. వాన పడినంతనే మొలచి, కొద్ది వారములలో పూచి, కాచి, విత్తనము నేలపాలు చేసి చనిపోవును. కరవును గడపునది మొక్క కాదు, విత్తనము. పల్లేరు కాయకు ముండ్లుండుట మన పాదములను బాధించుటకు కాదు. పశువుల గిట్టలకు గ్రుచ్చుకొని క్రొత్త చోటునకు ప్రయాణము చేయుటకు. విత్తనములలో తొందరపాటు లేనివి కొన్ని కలవు. అమెరికా ఎడారులలో ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు 1940 దశకమున పరిశోధించి, కొన్ని విత్తనములు చిన్న జల్లునకు మొలవవని, బాగుగ కురిసి నేల తడిసిననే మొలచునని చూపెను. విత్తనపు పైపొరలో మొలకను ఆపు పదార్థములుండి, అవి కొట్టుకొనిపోవుటకు తగిన వాన పడవలెను. తుమ్మ, తంగేడు గింజలకు గట్టి పెంకు కలదు. ఒకే వానకు అన్ని గింజలును మొలవవు. కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు. మొదటి వానను నమ్మి గింజలన్నియు మొలచిన జాతి, రెండవ వాన రాని ఏట నశించియుండెడిది.

జంతువులకు మొక్కలకు లేని సౌకర్య మొకటి కలదు: అవి కదలగలవు. వానికి లేని సౌకర్యమును ఒకటి కలదు: అవి నెలల తరబడి ఊపిరి బిగబట్టి యుండలేవు. జంతువు దేహమునుండి నీరు మూడు త్రోవల పోవును: ఊపిరి, చర్మము, మూత్రము. తొండకు, ఉడుమునకు పొలుసుల చర్మ ముండుటచే చర్మమార్గము చాలవరకు మూతబడినది. పిట్టలును, బల్లి జాతివియు తమ దేహములోని మలినమును నీటిలో కరిగించి విడువక, తెల్లని ముద్దగా విసర్జించును. ఇంటి గోడమీద బల్లి విడిచిన నల్లని రెట్ట కొసను కనబడు తెల్లని చుక్క అదియే. ఆ తెల్లని చుక్క వెనుక ఎంతో నీటి పొదుపు కలదు. పైగా పాకెడు జీవులు తమ దేహమును తామై వేడిచేసికొనక, ఎండవలన వేడిని పొందును. కావున వానికి తిండియు స్వల్పమే చాలును. కరవుసీమలో తొండలు, ఉడుములు, పాములు వర్ధిల్లుటకు ఇది యొక కారణము.

చాల ప్రాణులు ఎండతో పోరాడనే పోరాడవు. నడివేసవి మధ్యాహ్నమున నేల పైపొర 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటవచ్చును. మీటరు లోతున ఆ వేడి ఛాయలైన ఉండవు. రేయింబవళ్ళు ఇంచుమించు ఒకే చల్లదనము, కొంత తేమ ఉండును. పొలములలోని ఎలుకలు, తేళ్ళు పగలంతయు కలుగులలో గడపి రాత్రి బయలుదేరును. మన సీమలో నేలను త్రవ్వుకొనిపోవు కప్ప యొకటి కలదు. దాని వెనుక పాదమునకు పారవంటి గట్టి బొడిపె యుండును. దానితో వెనుకకు వెనుకకు త్రవ్వుకొనుచు మట్టిలో దిగిపోయి, ఎండకాలమంతయు కదలక మెదలక యుండును. తొలివానకు బయటపడి, గుంటలలో నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టును. గుంట ఎండుటకు ముందే తోకకప్పలు కప్పలు కావలెను. వానకును ఎండకును నడుమ జరుగు ఆ పందెములో గెలిచినవే మరుసటి ఏడు అరచును. తొలివాన రాత్రి వినబడు బెకబెకలు చీకాకు కలిగించు చప్పుడని మనము తలుపులు మూయుదుము. అవి మాత్రము సంవత్సరపు పని అంతయు ఆ కొద్ది రాత్రులలోనే ముగించుకొనవలెను.

ఆరుద్ర పురుగును ఎరుగని రైతుబిడ్డ రాయలసీమలో లేడు. ఎఱ్ఱని ముఖమలు గుడ్డ తునకవలె, తొలకరి తడిసిన నేలపై మెల్లగ నడచు ఈ పురుగు సంవత్సరములో చాల భాగము మట్టిలోనే గడపును. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నేల చల్లబడి, చెదలు మొదలైన చిరుప్రాణులు పైకి వచ్చువేళకే తానును పైకి వచ్చును. పెద్దలు దానిని చూచి పదును నిర్ణయించుకొనుట మూఢనమ్మకము కాదు. నేల ఎంతలోతు తడిసినదో పురుగునకు తెలియును; ఆ తడియే విత్తనమునకును కావలసినది. చెరువు ఎండినప్పుడు నత్తగుల్ల తన మూత బిగించుకొని బురదలో నిద్రించుటయు, కొఱ్ఱమీను తడి మట్టిలో దాగి గాలి పీల్చుచు కాలము గడపుటయు ఈ కోవలోనివే.

నీటిని మోసికొనిపోవు పిట్ట కథ చెప్పినచో కొందరు నమ్మరు. జాము పొలంక యను పిట్ట మన మెట్టపొలములలో, రాతిబీళ్ళలో తిరుగును. పావురమంత యుండును, రంగు మట్టిరంగు. తినునవి ఎండు గింజలు. గింజలలో నీరు లేదు. అందుచే ప్రతి ఉదయమును గుంపులుగా నీటికై దూరము ఎగిరిపోవును. ఎగురలేని పిల్లల మాట యేమి? మగపిట్ట నీటి అంచున నిలిచి తన పొట్ట ఈకలను నీటిలో నానబెట్టును. ఆ ఈకల పోగులు చుట్టలు చుట్టుకొనియుండి, తడిసినప్పుడు విచ్చుకొని దూదివలె నీటిని పట్టును. తిరిగివచ్చి నిలువబడగా పిల్లలు ఆ ఈకలను చప్పరించి దాహము తీర్చుకొనును. 1896లో మీడ్-వాల్డో అను ఆంగ్లేయుడు ఈ సంగతి వ్రాసినప్పుడు పలువురు పండితులు విశ్వసింపలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అను ఇరువురు ఆఫ్రికాలోని కలహారి ఎడారి పిట్టలను పరీక్షించి అది యథార్థమని నిరూపించిరి.

పెద్ద మృగములలో ఒంటె మాట చెప్పక తప్పదు. మూపురములో నీరుండునని మనము చిన్ననాట విన్నది సరి కాదు; అందున్నది క్రొవ్వు. ఒంటె గొప్పతనము వేరొకచోట నున్నది. అది దాహముతోనున్నప్పుడు తన దేహపు వేడిని రాత్రి 34 డిగ్రీలకు దిగనిచ్చి, పగలు 41 డిగ్రీలవరకు ఎక్కనిచ్చును. మనకైనచో అది ప్రాణాపాయకరమైన జ్వరము. ఒంటె ఆ మేరకు చెమటోడ్చు పని తప్పించుకొని నీరు మిగుల్చుకొనును. మన సీమలోని కృష్ణజింక ఒంటెయంత ఘనురాలు కాకున్నను, ఉదయ సాయంకాలములందు మేసి, మధ్యాహ్నము నీడ పట్టున నిలిచి, తన దినచర్యతోనే పొదుపు చేయుచున్నది. కాపరులు తమ మందలను నడపు వేళలును ఇంచుమించు ఇవియే.

ఈ పొదుపు జీవితమునకు ఒక బలహీనత కలదు. కరవుసీమ ప్రాణి నెమ్మదిగ పెరుగును, తక్కువగ కనును. బట్టమేక పిట్టను చూడుడు. మీటరు యెత్తు నిలిచి, గడ్డిబీళ్ళలో ఠీవిగా నడచు ఈ పక్షి సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టును. కర్నూలు సీమలోని రోళ్ళపాడు వద్ద దానికొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినది. కాని గడ్డిబీళ్ళు సేద్యమునకు, ఇతర పనులకు పోవుటచేతను, విద్యుత్తు తీగలకు తగులుటచేతను దేశమంతటను అవి నేడు 150 ప్రాంతమున మిగిలినవని అంచనా. వేయేండ్లు కరవులను గెలిచిన జాతి, తన బీడును మనము పనికిమాలిన భూమి యని పేరు పెట్టుటచే ఓడిపోవుచున్నది. కరవును తట్టుకొనుట వేరు. నిలువ నీడ పోవుటను తట్టుకొనుట వేరు.

ఇందుకు తలక్రిందులైన కథలును మన సీమలో జరిగినవి. నాగజెముడు మన మొక్క కాదు. అమెరికా ఖండములనుండి వచ్చినది. దానిమీద పెరుగు పురుగునుండి ఎఱ్ఱరంగు తీయవచ్చునని 18వ శతాబ్ది చివర కంపెనీవారు ఆ మొక్కలను మదరాసు ప్రాంతమున పెంచిరి. రంగు పరిశ్రమ నిలువలేదు, ముండ్లు నిలిచినవి. దక్షిణదేశమున పొలములు, బీళ్ళు నాగజెముడుతో నిండిపోగా, తుదకు 1926లో ఆ మొక్కను తిను మరొకజాతి పురుగును సింహళమునుండి తెచ్చి విడువగా, కొద్ది సంవత్సరములలో చాలవరకు అది అణగినది. సర్కారు తుమ్మ గింజలు 1877లో జమైకానుండి వచ్చి కడపజిల్లా కమలాపురము ప్రాంతమున నాటబడినవి. వంటచెరకు కొరతను తీర్చుటకు తెచ్చిన ఆ చెట్టు నేడు పామిడినుండి కడపవరకు ఏటి ఒడ్డులను, చెరువు కడుపులను, బీళ్ళను ఆక్రమించినది. పేదల పొయ్యి అది వెలిగించుచున్నమాట నిజమే. బొగ్గులు కాల్చి బ్రదుకువారును కలరు. కాని దాని నీడను గడ్డి మొలచుట తక్కువ, మందలకు మేత తరిగినది, వాగులు మూసికొనిపోయినవి. పొదుపు నేర్చిన పాత కాపురస్థుల నడుమ లోతు నీరంతయు తానే పీల్చు క్రొత్త వచ్చినవాడు చేరినట్లయినది.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మనుష్యుడును ఈ సీమ ప్రాణియే. వాని చేలలోని మొక్కలలో కరవు నేర్చినవి యేవి? జొన్న ఎండకు ఆకును గొట్టమువలె చుట్టుకొని, పెరుగుట ఆపి, వాన రాగానే తిరిగి పెరుగుట ప్రారంభించును. కొర్ర మూడు నెలలలో పంట చేతికిచ్చి, పల్లేరువలె కరవును తప్పించుకొనును. కంది రేగువలె వేరును లోతునకు దింపును. కావుననే పెద్దలు జొన్నలో కంది సాళ్ళు వేసిరి. రెండు వేళ్ళు రెండు లోతుల నీరు త్రాగును గనుక ఒకదాని నోటి కూడు మరొకటి తీయదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన వేరుశెనగకును కొంత ఓర్పు కలదు. అది చాల దినములు పూయుచుండును. ఒక విడత పూత బెట్టకు పోయినను, మరొక విడత మిగులును. కాని దానికొక బలహీనత కలదు. పూత నేలపైన, కాయ నేలలోన. ఊడలు దిగువేళ మట్టి ఎండి గట్టిపడినచో ఊడ దిగదు, కాయ లేదు. 2000 సంవత్సరమునకు తరువాతి మొదటి యేండ్లలో ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు మించి ఈ ఒక్క పంటయే వేయుచుండిరి. ఊడ దిగు వేళ వాన తప్పిన ఏడు జిల్లాకు జిల్లాయే కుదేలయ్యెను. ఆరుద్ర పురుగు, పల్లేరు గింజ చేయని పనిని మనము చేసితిమి: ఉన్న గింజలన్నియు ఒకే వానపై ఒడ్డితిమి. కదిరి పరిశోధనా కేంద్రమువారు బెట్టకు ఓర్చు వేరుశెనగ వంగడములు తయారుచేసి ఇచ్చుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత కొర్ర, సజ్జలకు పట్టణములలో గిరాకి హెచ్చినది. ఈ రెండును మంచివే. కాని ఒక్క పంట స్థానములో మరొక ఒక్క పంట వేయుట చిక్కును తీర్పదు. పలు విధముల ప్రాణులు పలు విధముల బ్రదుకుటయే ఈ సీమ నేర్పు పాఠము.

మన పూర్వుల పనిముట్లలోను ఈ పాఠమే కనబడును. గొర్రు విత్తనమును పైపొరలో చల్లక, పదును ఉన్న లోతున దింపును. సాళ్ళమధ్య గుంటక తోలినప్పుడు పైమట్టి పొడియై దుప్పటివలె పరచుకొని, క్రింది తడి పైకెగబ్రాకి ఆవిరియగు దారిని త్రెంపును. జిల్లేటి ఆకుమీది నూగు చేయు పని అదే. ఏటి ఇసుకలో ఊటకాలువలు త్రవ్వి దాగిన నీటిని మెల్లగ పొలములకు మళ్ళించిరి. 14వ శతాబ్దిలో, విజయనగర రాజుల కాలమున, అనంతపురము చెరువు కట్టబడినది. నాలుగు వానల నీటిని ఏడాదికి దాచు చెరువు, ఊరి పాలిటి కలబంద మట్ట.

వీనికి మారుగా మనము ఇటీవల పట్టిన దారి లోతు దారి. గొట్టపుబావులు వందల అడుగులు దాటి, కొన్నిచోట్ల వేయి అడుగులకు దిగినవి. రేగుచెట్టును చూచి నేర్చినట్లే కనబడును గాని, ఒక భేదము మరువరాదు. రేగు ఒక చెట్టునకు చాలినంతయే త్రాగును. ఎండ ముదిరినప్పుడు ఆకు రాల్చి ఆ త్రాగుడును తగ్గించుకొనును. బావికి ఆకు రాల్చుట తెలియదు. రాతి పగుళ్ళలో చాల యేండ్లుగా చేరిన నీరు కొద్ది యేండ్లలో పైకి వచ్చిన తరువాత, ప్రక్కవాని బావి ఎండును; తరువాత మన బావి ఎండును; అప్పు మాత్రము ఎండదు. పామిడి ప్రాంతపు రైతుకుటుంబములకు ఇది పుస్తకములోని విషయము కాదు. బావులలో నీరు పడక పుస్తెలమ్మినవారు, బెంగుళూరుకు కూలికి పోయినవారు ఇంటింట కలరు.

కరవుసీమను పచ్చని కోనసీమగ మార్చలేదని చింతించుట వలన లాభము లేదు. దానికి దాని పద్ధతిలో ఉన్న సంపద యెట్టిదో మొదట ఎరుగవలెను. గుట్టమీది తంగేడు పొదను, పొలము గట్టునందలి రేగును, ఊరి బయటి గడ్డిబీటిని పనికిమాలినవని నరికి, తగులబెట్టి, చదునుచేయుటకు ముందు, ఆ వేళ్ళు పట్టియుంచిన మట్టి తరువాత ఎక్కడికి పోవునో వేదవతి యొడ్డున ఇసుక దిబ్బలను చూచి తెలిసికొనవచ్చును. చెరువు కడుపులోని సర్కారు తుమ్మను తీసి, పూడికను పొలములకు తోలి, అలుగు బాగుచేసికొనుట ఒక్క ఊరివారు ఒక్క వేసవిలో చేయగల పని. మెట్టచేనిలో ఒకటికి మారుగా మూడు నాలుగు పంటలు కలిపి వేయుట ఒక్క కుటుంబము ఒక్క కార్తెలో చేయగల పని. ఈ పనులు జరిగిన ఊళ్ళలో వాన హెచ్చుగ పడునని మేము చెప్పము. పడిన వాన హెచ్చు దినములు నిలుచును; కరవుసీమలో బ్రదుకు నేర్చిన ప్రతి ప్రాణియు కోరునది అంతియే.